వాగు గేటుకి ఏ భాష?

పిల్లలూ, భాషల్లో ఏది గొప్పది? తెలుగు అనకండి, కంప్యూటర్ భాషల సంగతి అడుగుతున్నాను. సాకేత్ ఒకటి అంటాడు, మన్విత ఇంకొకటి అంటుంది. గొడవ ఆపి కథ వినండి.

చిగురుకోన అడవిలో ఏనుగు, ముళ్లపంది, కొండముచ్చు, గిజిగాడు, ముంగిస ఉండేవి. అడవి మధ్యగా ఒక వాగు పారేది. వాగుకి ఒక గేటు, దాన్ని నడపడానికి ఒక కంప్యూటర్ ఉండేవి. నీళ్లు పెరిగితే కంప్యూటరే గేటు ఎత్తి వాటిని చెరువులోకి పంపాలి. లేకపోతే గట్టు మీది బొరియలు మునిగిపోతాయి. ముంగిస బొరియలో ఇంకా కళ్లు తెరవని పిల్లలున్నాయి.

వానలు దగ్గరపడుతుండగా కంప్యూటర్‌లో కెర్నెల్ పాడైంది. కెర్నెల్ అంటే ఏమిటి? అన్ని ప్రోగ్రాములకీ అడుగున ఉండేది. కంప్యూటర్ జ్ఞాపకంలోని అరల్లో ఏ ప్రోగ్రాముకి ఏ అర ఇవ్వాలి, ఎవరి వంతు ఎప్పుడు అని పంచేది. దాని కింద ఉండేది యంత్రమే. కెర్నెల్‌ని మోసేవాళ్లు ఇంకెవరూ ఉండరు.

కొత్త కెర్నెల్ ఏ భాషలో రాయాలి? ఏనుగమ్మ సభ పెట్టింది.

"పైతాన్‌లో రాద్దాం. నాలుగు లైన్లలో తేలిపోతుంది," అన్నాడు కొండముచ్చు తోకరాయుడు.

"కెర్నెల్ అంటే సి భాషే. మీ తాతలు పుట్టకముందు నుంచీ రాస్తున్నాను," అంది ముసలి ముళ్లపంది.

"అందుకే నడుం వంగిపోయింది పెద్దయ్యా," అన్నాడు తోకరాయుడు. ముళ్లపందికి ముళ్లు లేచాయి.

"రస్ట్ అయితే ఎలా ఉంటుంది?" అన్నాడు గిజిగాడు. "ఒక అర ఒకరి చేతిలో ఉండగా ఇంకొకరిని దాన్ని మార్చనివ్వదు. కానీ రాసేవాళ్లని బాగా విసిగిస్తుంది. ముందే చెప్తున్నాను."

"విసిగించడానికి నువ్వు చాలవా?" అంది ముళ్లపంది.

ముంగిసకి ఓపిక పోయింది. "ఏ భాషైనా సరే నాయనా, వాన వచ్చేలోగా గేటు లేస్తుందా?"

"పరీక్ష పెడదాం," అంది ఏనుగమ్మ. "పై మడుగు నుంచి కొంచెం నీళ్లు వదులుతాను. బొరియల దాకా రావులే."

ముందుగా తోకరాయుడు తన పైతాన్ కెర్నెల్ ఎక్కించి, గేటు ముందున్న రాయి మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. కంప్యూటర్ మాత్రం కదలలేదు. పైతాన్ మాటలు యంత్రానికి నేరుగా అర్థం కావు. చదివి చెప్పే ప్రోగ్రాము ఒకటి కావాలి. ఆ ప్రోగ్రాముకి చోటివ్వాలంటే ముందు కెర్నెల్ లేవాలి. కెర్నెల్, ఆ ప్రోగ్రాము ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చున్నాయి. నీళ్లు ఎవరి కోసమూ ఆగలేదు. తోకరాయుడు బురదలో దొర్లి, చెవుల నిండా నాచుతో లేచాడు.

"నాలుగు లైన్లేనా నాయనా?" అని అడిగింది ముళ్లపంది.

ఇక దాని వంతు. సి కెర్నెల్ వెంటనే లేచింది. గేటూ లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. రెండోసారి నీళ్లు వదిలితే గేటు సగంలోనే ఆగిపోయింది. గేటు వాడుకుంటున్న అరని ఖాళీ అనుకుని, ముళ్లపంది దాన్ని హెచ్చరిక గంట కొట్టే ప్రోగ్రాముకి ఇచ్చేసింది. గంట మాత్రం బ్రహ్మాండంగా మోగింది.

గిజిగాడు నవ్వలేదు. "పెద్దయ్యా, యంత్రాన్ని తట్టి లేపే చోట నా రస్ట్ కూడా అరల కాపలా పక్కన పెట్టాల్సిందే. ఆ చోటు నీకు తెలిసినంతగా నాకు తెలీదు. అక్కడ నీ సి ఉండనీ. అరలు పంచే పని నాకివ్వు."

ముళ్లపంది ముంగిస ముఖం చూసింది. చాలాసేపు ముక్కు గీరుకుంది. "సరే, కానీ నీ భాష నన్ను తిడితే ఊరుకోను," అంది.

ఇద్దరూ పనికి కూర్చున్నారు. "ఈ అర ఎవరిది? ఇంకా ఎవరైనా వాడుతున్నారా?" అని రస్ట్ అడిగిందే అడిగింది. అది గిజిగాడినే నిలదీస్తుంటే ముళ్లపంది కడుపుబ్బ నవ్వింది.

కెర్నెల్ లేచాక దాని మీద పైతాన్ కూడా హాయిగా నడిచింది. వాగులో నీళ్లెంత ఉన్నాయో బొమ్మ గీసి చూపే ప్రోగ్రాము తోకరాయుడే రాశాడు. ఈసారి గట్టు మీద కూర్చుని రాశాడు.

వాన రానే వచ్చింది. వాగు ఎర్రగా పొంగింది. గేటు పూర్తిగా లేచింది. నీళ్లు పరుగున చెరువులోకి వెళ్లిపోయాయి. బొరియలో ముంగిస పిల్లలు పాలు తాగుతూనే ఉన్నాయి.

నీతి: ఏది గొప్పది అని వాదించే ముందు, ఏ పనికి అని అడగాలి. తన పనిముట్టు ఎక్కడ చాలదో తెలిసినవాడే దాన్ని బాగా వాడగలడు. ఇక నేను వెళ్తాను, గోంగూర సగమే తుంచి వచ్చాను.