విల్మాట్ ఏడో తుపాకి

మౌనాచారికి ఒకటే దిగులు. పదకొండేళ్ళు ఉస్తాద్ దస్తగిరి దగ్గర తుపాకుల పని నేర్చుకున్నాడు. అయినా దుకాణం మెట్టెక్కిన ప్రతివాడూ అతని మొహం చూసి "ఉస్తాద్ లేరా?" అనే అడుగుతాడు.

అడగరూ మరి! దస్తగిరి మామూలు పనివాడా? కర్నూలు పాతబస్తీలో ఆయన దుకాణం ముందుకొచ్చేసరికి జట్కా గుర్రాలు కూడా డెక్కల చప్పుడు తగ్గించుకుని నడిచేవి. తుపాకి గొట్టంలో ఒక్కసారి ఊదాడంటే అది ఏ దేశంలో పుట్టిందో, ఎవరి చేతుల్లో పెరిగిందో, ఎన్ని జంతువుల్ని పడగొట్టిందో వరసపెట్టి చెప్పేవాడు. ఓ జమీందారు పదిహేడు పులుల్ని కొట్టిన తుపాకి అని మీసం దువ్వుతూ తెస్తే, ఊది చూసి, "రెండు కణుజులు, ఒక దున్నపోతు. దున్నపోతు మీ ఊరిదే" అన్నాడట. జమీందారు మళ్ళీ ఆ వీధి తొక్కలేదు.

మౌనాచారి కూడా తక్కువవాడేం కాదు. కళ్ళకు గంతలు కట్టినా మూడొందల తుపాకుల్ని వాసన చూసి పేరుపెట్టి పిలవగలడు. ఆ సంగతి నలుగురికీ చెప్పకుండా ఉండలేడు కూడా. పక్క దుకాణంలో తాళాలు బాగుచేసే ఖాజామియా, "పేరేమో మౌనాచారి, నోరేమో జోడుగొట్టాలు" అని ఎకసెక్కం ఆడేవాడు.

ఆ ఏడు ఎర్రగట్టు దివాణంలో ఆయుధాల గది తెరిచారు. వారసులు లైసెన్సు రుసుం కట్టక పదేళ్ళు దాటింది. అరుదైనది ఏదన్నా ఉంటే మ్యూజియానికి, తక్కినవి రంపంతో కోసి తుక్కుకు అని సర్కారు ఉత్తరువు. ఏది ఏదో తేల్చిపెట్టమని తాసీల్దారు నుంచి ఉస్తాద్‌కి కబురొచ్చింది. అప్పటికే ఆయన రెండు కళ్ళకూ పొర కమ్మింది.

"నువ్వెళ్ళు బేటా. సరిగ్గా గుర్తుపట్టి వచ్చావా, ఈ పీట నీది" అన్నాడు.

దివాణంలో ఐదు వేట తుపాకులున్నాయి. నాలుగింటి మీద ఏ రాతా లేదు, ఏ పువ్వూ లేదు. ఐదోదాన్ని మౌనాచారి కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళాడు. జోడుగొట్టాలు. గొట్టాల వెనకున్న ఇనప పక్కపలక మీద వెంట్రుకవాసి గీతలతో పరుగెత్తే లేళ్ళు. వాటి కింద విల్మాట్ అని ఇంగ్లీషులో పేరు.

విల్మాట్ అనే లండను పనివాడు జన్మ మొత్తంలో ఏడే ఏడు తుపాకులు చేశాడనీ, ఆరింటి జాడ తెలుసనీ, ఏడోది ఏ సముద్రంలో మునిగిందో ఎవరికీ తెలియదనీ తుపాకుల వాళ్ళందరూ చెప్పుకుంటారు.

పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా దాన్ని మర మరా విప్పి చూశాడు. తూచాడు, కొలిచాడు, చివరికి ఇనుము నాకి కూడా చూశాడు. అన్నింటికీ నిలబడింది. అప్పుడు లేచి ఏడో విల్మాట్ గురించి గంటసేపు చెప్పాడు. గోడ మీది దుప్పి తలలు సైతం చెవులు రిక్కించాయి. తాసీల్దారు లేచి శాలువా కప్పాడు.

తక్కిన నాలుగింటి సంగతేమిటని ఆయన అడిగితే మౌనాచారి వాటిని చేత్తో ముట్టలేదు. నాటువి, ఎవడో కొలిమి దగ్గర కొట్టినవి అని తేల్చేశాడు. రంపం పట్టుకున్న బంట్రోతుకు ఎక్కడ కోస్తే తొందరగా తెగుతుందో దగ్గరుండి చూపించాడు కూడా.

మ్యూజియానికి పంపేముందు శుభ్రం చేసి ఇమ్మని తాసీల్దారు రసీదు రాయించుకుని ఐదోదాన్ని అతని చేతికిచ్చాడు. దాన్ని చంటిబిడ్డలా చుట్టుకుని వచ్చి, శాలువా తీయకుండానే ఉస్తాద్ ముందు కథంతా మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.

ఉస్తాద్ ఎక్కడా అడ్డుపడలేదు. అంతా అయ్యాక తుపాకిని తడిమి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తక్కినవి విప్పి చూశావా?"

"అక్కర్లేకపోయింది ఉస్తాద్."

ఆయన పీట మీంచి లేచి మౌనాచారిని దాని మీద కూర్చోబెట్టాడు. ఒక ఇనపముక్క, ఒక ఆకురాయి చేతికిచ్చి, నాలుగు గీతలు గియ్యమన్నాడు. గీశాడు. ఈలోగా ఉస్తాద్ కళ్ళతో పనిలేకుండా రెండు మరలు తిప్పి తుపాకి పక్కపలక ఊడదీశాడు. దాని లోపలి వైపు పైకి తిప్పి ఆ ఇనపముక్క పక్కన పెట్టి, భూతద్దం అందించాడు.

మౌనాచారి వంగి చూశాడు. తను గీసిన ప్రతి గీతా చివర్లో ఎడమకు ఇంత వంపు తిరిగి ఉంది. అది ఎవరూ నేర్పింది కాదు. ఉస్తాద్ బొటనవేలు వాలే తీరు చూసీ చూసీ చేతికి అంటుకున్నది. పలక లోపల ఎవరికీ కనిపించని చోట, పాతబడ్డ గీతల్లో, అదే వంపు. అంతే వంపు.

శాలువా భుజం మీంచి జారిపోయింది. తీసుకోలేదు.

"ఇది మీ చెయ్యి" అన్నాడు.

"ఇరవై ఆరేళ్ళ కిందటిది. తెల్లదొర వేటకొస్తున్నాడు, అతని ముందు చిన్నబోకూడదని ఎర్రగట్టు రాజావారు ఆ పేరు చెక్కమన్నారు. చెక్కాను."

"రేపే వెళ్ళి తాసీల్దారుకు చెప్పేస్తాను ఉస్తాద్. తప్పు నాదేనని చెబుతాను."

"చెబితే దీన్నీ కోస్తారు."

బయట ఖాజామియా ఏదో తాళంలో తాళంచెవి తిప్పుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. మౌనాచారి అడిగాడు.

"రాజావారికి మీ సొంత పేరుతో ఒక్కటైనా చెయ్యలేదా?"

ఉస్తాద్ పలకను తుపాకికి బిగిస్తూ చెప్పాడు.

"నాలుగు చేశాను. గొట్టం కింది కర్ర విప్పితే ఉంటుంది పేరు."