పుట్టింటికెళ్ళిన ఇటుక

రండర్రా, కాళ్ళు ముడుచుకుని సర్దుకోండి. దుప్పటి కోసం కొట్టుకున్నారో, కథ ఇక్కడే ఆపేస్తాను. నా సంగతి తెలుసుగా.

అనగనగనగా ఒక రాజుగారి కోట. కోట లోపల జాగా చాలక జనం గోడ బయట ఇళ్ళు కట్టుకుంటూ పోతే అదొక పేట అయింది. ఇంటికో పెరడు, పెరటికో మట్టిగోడ, గోడకో తూము. తూమంటే వాననీళ్ళు బయటికి పోవడానికి గోడ అడుగున వదిలే కంత. అందులోంచి నీళ్ళొక్కటే పోతాయనుకునేరు. తొండ పోయేది, కప్ప పోయేది, ముంగిస పోయేది, జెర్రిపోతూ పోయేది. మనకి వీధిగుమ్మం ఎలాగో వాటికి అది అలాగ.

ఆ పేటలో వరాలమ్మ అని ఒకావిడ. మంచిదే, కాకపోతే తనన్నదే మాట. పెరటినిండా ఆనపపాదు, బచ్చలి, బంతిమొక్కలు. ఆవిడకి కొత్తగా కోడలొచ్చింది, పేరు బుల్లెమ్మాయి, మెట్ట ఊరి పిల్ల. పొద్దు వాలగానే కొబ్బరిచిప్పలో నీళ్ళు పోసి తూము దగ్గర పెట్టేది. ఎవరికే అని అత్తగారడిగితే, దాహమేసినవాళ్ళకి అని నవ్వేది.

ఓ సాయంత్రం వరాలమ్మ చూసేసరికి, తూములోంచి జామకాయంత ముళ్ళ ఉండ ఒకటి గునగునా వచ్చి చిప్పలో నీళ్ళు తాగుతోంది. ఆవిడ గుండె గుభేలుమంది. ఏదుపంది పిల్లే అనుకుంది. ఏదుపంది ముల్లు పడ్డ ఇంట్లో తగువులు తెగవని ఆ పేటలో అందరికీ భయం. అది ఏదు కాదండీ అత్తయ్యగారూ, ముళ్ళెలుక, మా చేలగట్ల మీద బోలెడు, పురుగుల్ని తిని బతుకుతుంది పాపం అని బుల్లెమ్మాయి చెప్పింది. కొత్తకోడలి మాట ఎవరు వింటారు?

ఇంక అక్కణ్ణించి చెంబు దొర్లి మాటామాటా పెరిగినా ముల్లే, పప్పు మాడినా ముల్లే, మామగారు పేరయ్య తుమ్మినా ముల్లే. చివరికి వరాలమ్మ ఒక ఇటుక తెచ్చి తూములో బిగించి చుట్టూ మట్టి మెత్తేసింది. నెల్లాళ్ళు చూస్తాను, తగువులు ఆగాయా సరే, ఆగలేదా, అవి నీతో వచ్చినట్టే, బండి కట్టించి నిన్ను పుట్టింటికి పంపేస్తాను, మళ్ళీ పిలవను అని కోడలికి చెప్పేసింది. మొగుడు సూరన్న తల్లి మాటకి ఎదురు చెప్పేవాడు కాదు. బుల్లెమ్మాయికి వెళ్ళాలని లేదు. ఆ ఇల్లంటే అప్పటికే ఇష్టం పడిపోయింది, ఆ పెరడంటే మరీను.

ఊఁ అంటున్నావా నీలూ, కళ్ళు మూసేశావా? విను మరి.

తూము మూశాక వచ్చేవి రాలేదు. మట్టిలో తెల్లపురుగు మాత్రం హాయిగా బలిసింది. పురుగు వేరు తింది. వేరు పోతే పాదు పోయింది. పాదు పోతే కాయ పోయింది. కాయ పోతే పులుసు పోయింది. పులుసు లేకపోతే పేరయ్యకి ముద్ద దిగదు. ముద్ద దిగకపోతే నోరు ఊరుకోదు. ఆయన నోరు లేస్తే వరాలమ్మ నోరు ఊరుకుంటుందా? ఇల్లు సంతయిపోయింది.

నెల తిరిగింది. సాయంత్రం బండొచ్చింది, తోలేది సూరన్నే. కోడలు ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. మూట చేతబట్టుకుని నిలబడి, "తగువు నాతో వచ్చిందన్నారు కదా అత్తయ్యగారూ, నాతోనే పట్టుకుపోతాను. ఎక్కడుందో చూపించండి, మూటలో కట్టుకుంటాను" అంది. ఎక్కడుందో నాకేం తెలుసంది వరాలమ్మ. అయితే వెతుకుదాం రండి, ఇవాళ తగువెందుకొచ్చిందీ అని అడిగింది బుల్లెమ్మాయి.

మీ మామగారు కంచం తోసేశారు గనక. కంచమెందుకు తోశారు? పులుసు లేదు గనక. పులుసెందుకు లేదు? కాయ లేదు గనక. కాయెందుకు లేదు? పాదు ఎండింది గనక. పాదెందుకెండింది? పురుగు వేరు తినేసింది గనక. పురుగెందుకు బలిసింది? దాన్ని తినేది లోపలికి రాలేదు గనక. ఎందుకు రాలేదండీ?

వరాలమ్మ తూము వైపు చూసింది. వెనకనించి పేరయ్య అందుకుని, ఇటుక అడ్డం ఉంది గనక అన్నాడు.

"దొరికింది" అంది బుల్లెమ్మాయి. గోడ దగ్గర కూర్చుని, మట్టి గీకి, ఇటుక ఊడబెరికి, మూటలో పెట్టి ముడేసి, అందరికీ దణ్ణం పెట్టి బండెక్కేసింది.

అంతలో తూములోంచి ముందు ముక్కు వచ్చింది, తరవాత ముళ్ళొచ్చాయి. ముళ్ళెలుక తిన్నగా వరాలమ్మ పాదం మీంచి నడిచి ఆనపపాదు మొదట్లోకి పోయింది. మట్టి తవ్వి, బొటనవేలంత పురుగుని లాగి కరకరా నమిలేసింది. ఒకటి, రెండు, మూడు. వరాలమ్మ అక్కడే చతికిలబడి లెక్కపెడుతూ కూర్చుంది. ఏడోది కాగానే లేచింది.

బండి ఆపరా సూరన్నా అని గట్టిగా కేకేసి, కోడల్ని చెయ్యిపట్టి దింపుకుంది. మూట విప్పి ఇటుక తీసి, కోడలు కూర్చున్న చోటే బండిలో కూర్చోబెట్టింది. "పుట్టింటికి పోవలసింది ఇదిరా. తీసుకెళ్ళి బట్టీలో దింపిరా. మళ్ళీ పిలవనని కూడా చెప్పు" అంది. పేరయ్య నవ్వీ నవ్వీ పొలమారాడు.

మర్నాటినించీ తూము దగ్గర రెండు చిప్పలు. రెండోది వరాలమ్మ పెట్టింది. మళ్ళీ పాదు పెడితే కాయలు కాశాయి, పులుసూ కాగింది.

అదర్రా సంగతి. ఇంట్లో తగువొస్తే మనిషిని పంపేద్దామని చూడకండి. ఏ కంతకి ఇటుక అడ్డం పెట్టామో ముందు అది చూసుకోండి. కథ కంచికి పోయింది, ఇటుక బట్టీకి పోయింది, మీరింక నిద్రలోకి పొండి.