నూకాలు చాప కింద కుండ

దుప్పటి లాక్కో. ఊఁ కొట్టాలి, తెలిసిందా. నీ ఊఁ ఆగితే నా కథ ఆగిపోతుంది, తర్వాత ఎంత బతిమాలినా చెప్పను.

అనగనగా ఒక ఊళ్ళో కూడా కాదు తల్లీ, ఊరు దాటి, సరుగుడు తోట దాటి, సముద్రం ఒడ్డున ఇసకలో ఒక పల్లె. ఆ పల్లెలో ఎల్లాజీ అని ఒక జాలరి. వాడి పెళ్ళాం దేముడమ్మ. వాళ్ళకి లేకలేక పుట్టిన కూతురు నూకాలు. అచ్చం నీ అంత ఉండేది, నీలాగే వాగుడుకాయ.

ఎల్లాజీకి ఒక విద్య వచ్చు. తెప్ప మీద లోపలికి పోయి, తెడ్డు నీళ్ళలో నిలబెట్టి, దాని పిడికి చెవి ఆనించి వినేవాడు. కచిడి అని ఒక చేప ఉంది. అది నీళ్ళ అడుగున గుర్రు గుర్రుమంటుంది. ఆ చప్పుడు తెడ్డు వెంట పైకొస్తుంది. అందరూ అలాగే వింటారు గానీ, ఎల్లాజీ చెవికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలిసేది కాదు. ఏం లాభం, ఆ రోజుల్లో కచిడిని పులుసు పెట్టుకోవడమే తప్ప కొనే నాథుడు లేడు. పూట గడిస్తే అదే పండగ. అయినా వాడు పడుకుంటే ఇల్లెగిరిపోయేట్టు గురక పెట్టేవాడు.

అప్పుడు ఒకనాడు పట్నం నుంచి ఒక షావుకారు దిగాడు. కచిడి పొట్టలో తిత్తి ఉంటుంది చూడు, అది ఏదో మందులోకి కావాలట. దానికి బంగారు కాసులిస్తానన్నాడు. ఎల్లాజీ తెచ్చాడు, షావుకారు వాడి దోసిట్లో కాసులు పోశాడు. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ పోశాడు. పల్లెలో అంత డబ్బు ఎవరూ కళ్ళ చూసి ఎరగరు.

అందరూ సంతోషించారు. ఎల్లాజీకి మాత్రం గుండెదడ పట్టుకుంది. వాణ్ణి తిట్టకు. చిన్నప్పుడు గంజి నీళ్ళు కూడా లేక, కడుపు మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నవాడు వాడు. పోయేదేమీ లేనప్పుడు భయం లేదు, ఇప్పుడొచ్చింది. చేపలు ఇంకో దారి పడితే? షావుకారు రావడం మానేస్తే? రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. గిన్నె జారిపడినా ఉలిక్కిపడేవాడు.

ఆ తర్వాత ఏం చేశాడంటే, ఇంట్లో ఒక మూల గొయ్యి తవ్వి, కాసులన్నీ కుండలో పోసి పాతిపెట్టాడు. కొత్తగా తవ్విన మన్ను కనబడకుండా దాని మీద నూకాలు చాప పరిచాడు. పడుకున్న పిల్లని లేపి ఎవడు తవ్వుతాడులే అనుకున్నాడు. వాడి తెలివి తెల్లారినట్టే ఉంది.

మొదట వానలొచ్చాయి. తాటాకు కప్పు పాతబడి, సరిగ్గా ఆ మూలే కారింది.

"కొత్త ఆకు కప్పిద్దాం మావా, పిల్ల తడిసిపోతంది" అంది దేముడమ్మ.

"ఈ మాత్రానికే కుండ తీస్తే, రేపు ఇంతకంటే పెద్ద కష్టమొస్తే ఏటి సేస్తాం?" అన్నాడు ఎల్లాజీ. కారే చోట ఒక చట్టి పెట్టి ఊరుకున్నాడు.

ఆ తర్వాత చలి వచ్చింది. చట్టి నిండి పొర్లి, చాప కింద నేలంతా చెమ్మ. దేముడమ్మ చాప ఇటు జరుపుతానంది. మన్ను కనబడిపోతుంది, వద్దన్నాడు. పోనీ ఒక గొంగళైనా కొనమంది. మళ్ళీ అదే మాట, ఇంతకంటే పెద్ద కష్టమొస్తేనో అని.

అప్పుడు నూకాలుకి దగ్గు పట్టింది. తర్వాత జ్వరం. వాగుడుకాయ మాటలు మానేసింది. వాగు అవతల వైద్యుడి దగ్గరికి ఎత్తుకెళ్దామని దేముడమ్మ కాళ్ళా వేళ్ళా పడింది. వాడికి మాత్రం ప్రేమ లేదా? పిల్ల తల నిమురుతూనే ఉన్నాడు. పలుగు దాకా చెయ్యి వెళ్ళేది, మళ్ళీ వెనక్కొచ్చేది. "శొంఠి కాచి పొయ్యి, తగ్గిపోద్ది" అన్నాడు.

మర్నాడు వేట నుంచి వచ్చి, మధ్యాహ్నం ఆ చాప పక్కనే ఒరిగాడు. దేముడమ్మ చేపల గంపెత్తుకుని వెళ్ళింది. ఎవరైనా తవ్వితే తెలియాలని, ఈమధ్య నేలకి చెవి ఆనించి పడుకోవడం వాడికి అలవాటైంది. కునుకు పట్టేవేళకి చెవిలో గుర్రు గుర్రుమని వినబడింది. కచిడి, గుంపు గుంపుగా ఉంది. ఇంత చేప ఉంటే ఇంకేం భయం అనుకున్నాడు, ఆ నిద్రలో. దడ తగ్గింది. ఎన్నాళ్ళకో హాయిగా గురక పెట్టాడు.

ఊఁ కొట్టవేం? నీకు అర్థమైపోయింది కదూ.

దేముడమ్మ వచ్చి వాణ్ణి లాగి కూర్చోబెట్టింది. ఆ గుర్రు చేపలది కాదమ్మా. పిల్ల రొమ్ములోది.

అప్పుడు తవ్వాడు. పిల్లని దేముడమ్మ చేతికిచ్చి, చాప విసిరేసి, చేతులతోనే తవ్వాడు. ఒక చంకన పిల్ల, ఒక చంకన కుండ, వాగు దాకా పరుగు. పడవవాడికి కాసు ఇవ్వబోతే, "జబ్బు పిల్లకి కిరాయేటి, ఎక్కెక్కు" అన్నాడు. వైద్యుడు నాడి చూశాడు, రొమ్ము మీద చెవి పెట్టి విన్నాడు, తల దించుకున్నాడు.

"జలుబున్నప్పుడే తెస్తే కషాయంతో పోయేది నాయనా" అన్నాడు.

ఎల్లాజీ కుండ ఆయన కాళ్ళ ముందు బోర్లించాడు. "పెద్ద కష్టమొస్తే తియ్యాలనే దాసేను బాబూ. ఇదే అని నాకు తెలవలేదు. అంతా తీసుకోండి" అన్నాడు. ఆయన ఒక్క కాసు ముట్టుకోలేదు. పొద్దు వాలకముందే నూకాలు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ కుండతో పల్లెలో ప్రతి ఇంటికీ కొత్త ఆకు కప్పించాడు. పిల్లలున్న ప్రతి ఇంటికీ గొంగళి ఇచ్చాడు. షావుకారు మళ్ళీ వచ్చి రెట్టింపు ఇస్తానన్నాడు. ఎల్లాజీ చిన్న వల వేసుకుని పూటకి సరిపడా తెచ్చుకున్నాడే గానీ, తెడ్డుకి మాత్రం చెవి పెట్టలేదు. పెడితే వాడికి చేప వినబడదు, పిల్ల వినబడుతుంది.

వాడింట్లో ఆ మూల ఒక్కటే కప్పించలేదు. వానొస్తే వెళ్ళి అక్కడ తడుస్తూ కూర్చునేవాడు. మొదట్లో దేముడమ్మ వాడి మొహం చూసేది కాదు. చాలా వానల తర్వాత, ఒకనాడు తనూ వెళ్ళి పక్కన కూర్చుంది.

అదిగో, ఏడవకూడదు. ఇలా దగ్గరికి రా. నీ గుండె మీద చెవి పెట్టనీ. గుర్రు లేదు, ఏమీ లేదు, చల్లగా ఉంది. ఇక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
కప్పు కారని ఇంటికి
మనం చేరాం చివరికి.