ఉడికించిన మందు

ఒక పరిశోధనశాలలో ఇద్దరు స్త్రీలు పనిచేసేవారు. ఒకామె గాజుగిన్నెల్లో సూక్ష్మజీవులను పెంచేది. రెండో ఆమె బోనుల్లో జబ్బు ఎలుకలను సాకేది. అందరూ వాళ్లను గిన్నెలావిడ, బోనులావిడ అనేవారు.

గిన్నెలావిడ ఏళ్ల తరబడి ఒకే ప్రోటీన్ వెంట పడింది. అది లేని సూక్ష్మజీవి పైపొర చిరిగి చచ్చిపోయేది. సమయానికి అందిస్తే చిరుగు పూడి నిలదొక్కుకునేది. ఈ సంగతి కనిపెట్టిన రోజున ఆమె చేతిలో ఉన్నది ఒక మసకనీళ్ల గిన్నె. దాన్ని చూడటానికి ఎవరూ రాలేదు.

పరిశోధనశాల పెద్దాయన ఆ ప్రోటీన్‌ను ఎలుకలకు ఇచ్చి చూడమన్నాడు. అవి వెనక్కాళ్లు చచ్చుబడే జబ్బుతో పుట్టినవి. మందు తయారుచేసేది గిన్నెలావిడ, సూది వేసేది బోనులావిడ.

సూదులు మొదలుకాకముందే మనుషులు రావడం మొదలైంది. వచ్చినవాళ్లంతా బోనుల గదికే పోయేవారు. కాళ్లీడ్చుకునే ఎలుకలను చూసి కళ్లు తుడుచుకునేవారు. "ఎంత ఓపిక తల్లీ నీది!" అని బోనులావిడను మెచ్చుకునేవారు. గిన్నెల గది ముందునుంచే నడిచిపోతూ ఒక్కరైనా లోపలికి తొంగిచూసేవారు కాదు. ఆ అడుగుల చప్పుడు వింటుంటే గిన్నెలావిడ కడుపులో కుంపటి రాజుకునేది. 'కన్నది నేను. ఉయ్యాల ఊపేదానికా పేరు?' అనుకునేది.

మొదటి మందు గొట్టం పంపవలసిన రోజున ఆమె దాన్ని మరిగే నీళ్లలో పెట్టింది. వేడికి ప్రోటీన్ మడతలు విడిపోతాయి, ఇక ఏ పనీ చేయదు. పలచని మందు గనుక చూపుకు తేడా తెలియదు. ఎలుకలు లేవకపోతే తన పేరూ మట్టిలో కలుస్తుందని ఆమెకు తెలుసు. పక్కవాళ్లకు అపశకునం కావాలని ముక్కు కోసుకునేవాళ్లకు నొప్పి తెలియదా? తరువాతి గొట్టాలనూ అలాగే ఉడికించి పంపింది.

ఎలుకలు లేచాయి. ముందు ఒకటి పాదం ఎత్తింది. తరువాత మిగతావీ మేత దాకా నడిచాయి. పోల్చి చూడటానికి సూది వేయకుండా ఉంచిన ఎలుకలు మాత్రం ఎక్కడివక్కడే పడి ఉన్నాయి.

పెద్దాయన అందరినీ పిలిచాడు. "ఇదంతా గిన్నెలావిడ ప్రోటీన్ చలవ," అన్నాడు. "ఇలాంటి కాళ్లతో పుట్టిన పిల్లలున్నారు. వాళ్ల అమ్మానాన్నలకు కబురు పెడదాం."

చప్పట్లు మోగాయి. ఇన్నేళ్లూ ఆమె ఆశపడింది ఆ చప్పట్లకే. ఇప్పుడవి ఒంటిమీద రాళ్లలా పడ్డాయి.

ఆమె బోనుల గదికి వెళ్లింది. "నిజం చెప్పు. సూది తప్ప ఇంకేం చేశావు?"

"ఏముందక్కా! సూది వేసేటప్పుడు ఒళ్లో పెట్టుకునేదాన్ని. నడుమూ కాళ్లూ నిమిరేదాన్ని. మేత తడిపి తినిపించేదాన్ని."

"సూది వేయని వాటినో?"

"వాటిని బోనులోంచి తీయనే లేదుగా."

గిన్నెలావిడ గోడకు చేరగిలబడింది. నోరు మూసుకుంటే గెలుపు తనది. నోరు తెరిస్తే తన తప్పు బయటపడటమే కాదు, మిగిలిన గొప్పంతా ఎదురుగా కూర్చున్న మనిషిదవుతుంది. తప్పు ఒప్పుకోవడం కన్నా ఆ రెండోదే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది. ఆమెకు ఆ పిల్లలు గుర్తొచ్చారు.

"నేను పంపింది ఉడికించిన మందు," అంది చివరికి. "నీ ఎలుకలు లేవకూడదని."

బోనులావిడ మొహం పాలిపోయింది. ఒళ్లో ఉన్న ఎలుకను బోనులో దించి తలుపు వేసింది. తిడితే బాగుండునని గిన్నెలావిడ ఎదురుచూసింది.

"ఇంకో గొట్టం ఉడికించి ఇస్తావా అక్కా?" అంది బోనులావిడ. "ఉడికించనిది కూడా ఒకటి ఇవ్వు. ఈసారి అన్నింటినీ ఒళ్లో పెట్టుకుని చూస్తాను."

తిట్టకుండా మళ్లీ పరీక్షిద్దామన్న ఆ మనిషి మీద కలిగినంత అసూయ గిన్నెలావిడకు ముందెన్నడూ కలగలేదు. ఆమె లేచి వెళ్లి నీళ్లు పొయ్యిమీద పెట్టింది.