అల్లంలోవలో సింహరాజు

అనగనగా ఎత్తైన కొండల నడుమ, పొద్దెక్కినా మంచు వదలని ఒక చిన్న ఊరు. పేరు అల్లంలోవ. ఊరంతా జంతువులే. అల్లం పండించి, ఎండబెట్టి శొంఠి చేసేవాళ్లు. వారం వారం సంతకు మైదానం నుంచి లేళ్లు, గాడిదలు ఉప్పు, బెల్లం తెచ్చి, శొంఠి పట్టుకెళ్లేవి. ఊరి బతుకు అదే.

సంతకొచ్చిన వాళ్లకు ఊరి చరిత్ర చెప్పే పని ముంగిస దాలయ్యది. పూర్వం ఒక వానాకాలం కొండచరియ విరిగిపడితే, ఒక ఏదుపంది అవ్వ పిల్లలతో ఈ లోయకు పారిపోయి వచ్చింది. ఆకలేసి నేల తవ్వితే అల్లం దొరికింది. అంతే చరిత్ర. చెప్పీ చెప్పీ దాలయ్యకు విసుగొచ్చింది.

ఒక సంతనాడు అతని నోరు ఊరుకోలేదు. "ఈ బండ చూశారా? సింహరాజుగారి తాత దీని మీదే సేద తీరారు" అన్నాడు. లేళ్లు కళ్లింత చేసుకుని విన్నాయి.

మరుసటి సంతకు, "తాతగారి పెళ్లి ఇక్కడే. మా శొంఠితోనే పానకం కలిపారు" అన్నాడు. గాడిదలు మోయలేనంత శొంఠి పట్టుకెళ్లాయి.

ఆ పై సంతకు, "'ఈ ఊరు ఎప్పటికీ మా వంశానిదే' అని తాతగారు చెప్పి మరీ వెళ్లారు" అన్నాడు.

ఏదుపంది గంగులమ్మ ఊరుకోలేకపోయింది. "ఒరే దాలయ్యా, ఆ బండ మీద మా అవ్వ అల్లం ఆరబోసుకునేదిరా."

"అవ్వ పేరు చెబితే ఎవరొస్తారు అత్తా? బేరాలు చూడు" అని నవ్వాడు దాలయ్య.

పెదవి దాటితే పృథివి దాటుతుంది కదా. ఆ మాట సింహరాజు చెవిన పడింది. తిన్నగా వచ్చి బండ మీద కూర్చున్నాడు. "మా తాతగారి ఊరంటే నా ఊరే. ఇక్కడే ఉంటాను. భోజనం సంగతి మీరే చూడాలి మరి" అన్నాడు.

ఇంకేముంది, సంతకు ఒక్క గాడిదా రాలేదు. ఇళ్లలో ఉప్పు నిండుకుంది. కుందేళ్లు పిల్లల్ని గడప దాటనివ్వలేదు. దాలయ్యను ఎవరూ తిట్టలేదు. ఊరికే చూశారు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

పారిపోవడానికి కొండసందు ఉంది. కానీ కాళ్లు అటు పోలేదు. బండ దగ్గరికే వెళ్లాడు.

"రాజుగారూ, మీ తాతగారు ఈ లోయ చూడనేలేదు. అంతా నేనల్లిన కథ. ఇది ఏదుపంది అవ్వ అల్లం ఆరబోసుకున్న బండ."

"మరి పెళ్లి?"

"జరగలేదండి."

"పానకం?"

"నేనే కలిపానండి."

సింహరాజు పంజా ఎత్తాడు. దాలయ్య కళ్లు మూసుకున్నాడు. గంగులమ్మ వచ్చి ముళ్లు నిక్కబొడుచుకుని అతని పక్కన నిలబడింది. "వాడు చెప్పింది నిజం బాబూ" అంది.

పంజా మెల్లగా దిగింది. "ఏదుపంది బండ మీద కూర్చుని మీసం దువ్వానా? నలుగురికీ తెలిస్తే నా పరువేం కాను? నేను అసలిక్కడికి రానేలేదని చెప్పు."

"ఇక అబద్ధమాడలేనండి. ఎవరూ అడక్కపోతే మాత్రం నోరెత్తను."

సింహరాజు అటూ ఇటూ చూసి, చప్పుడు చేయకుండా కొండ దాటేశాడు.

దాలయ్య కష్టం అప్పుడే మొదలైంది. మైదానానికి దిగి, "మా ఊళ్లో ఇప్పుడే భయమూ లేదు, సంతకు రండి" అని ఇల్లిల్లూ తిరిగాడు. "మొన్న అది సింహాల ఊరన్నది నువ్వేగా?" అని లేళ్లు తలుపులు వేసుకున్నాయి. చివరికి గంగులమ్మ దిగి వచ్చి చెబితేగానీ ఒక్క గాడిదా కదల్లేదు.

నీతి: అబద్ధం పిలిచిన చుట్టంలా సులువుగా వస్తుంది, పోయిన నమ్మకం మాత్రం కాళ్లరిగేలా తిరిగినా రాదు.