సారె లడ్డూల్లో ఒకటి తక్కువ

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు, ఇప్పుడు వినండి. కొండవరంలో పరంధామయ్య అనే ఆయన ఉండేవాడు, "ఒక్కటేగా" అంటూ ఎవరి పళ్లెంలోనైనా చెయ్యి పెట్టేవాడు.

ఆయన మేనకోడలు సుభాషిణి కాపురానికి వెళ్తోంది. కూతురితో పాటు అత్తవారి ఊరంతటికీ పంచడానికి పంపే మిఠాయిని సారె అంటారు. అది ప్రతి వీధికీ సమంగా అందాలి. ఒక్కటి తగ్గినా కొత్తకోడలికి ఏళ్లతరబడి దెప్పుళ్లు తప్పవు. సుభాషిణి తండ్రి లెక్కల మాస్టారు. వియ్యాలవారి ఊళ్లో వీధులెన్నో ఆయనకు తెలియదు, అడిగితే చిన్నతనం. పదికి మించవని మాత్రం విన్నాడు. అందుకని సరిగ్గా ఐదువేల నలభై లడ్డూలు చేయించాడు. ఆ సంఖ్యను ఒకటి నుంచి పది వరకూ దేనితో భాగించినా శేషం రాదు. నమ్మకపోతే భాగించి చూడండి.

గంపలకు కాపలాగా పరంధామయ్య వ్యానెక్కాడు. నెయ్యి వాసనను ఊరు దాటేవరకు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత, ఇన్ని వేలల్లో ఒక్కటేగా అనుకుని నోట్లో వేసుకున్నాడు.

వియ్యపురాలు కోటమ్మగారి వసారాలో ఆడవాళ్లు ఏడు వీధులకు ఏడు కుప్పలు పోశారు. ఏడో కుప్పలో ఒకటి తగ్గింది. పరంధామయ్య గొంతు సవరించుకుని, బడిపిల్లలకూ ఒక వాటా వేస్తే బాగుంటుందన్నాడు. ఎనిమిదో కుప్పలో ఒకటి తగ్గింది. రైలు గేటు అవతలివాళ్లను మరిచిపోతే ఎలా అన్నాడు. తొమ్మిదో కుప్పలోనూ ఒకటి తక్కువే. పోస్టాఫీసు వాళ్లను కూడా కలిపించాడు. పదో కుప్పా అంతే. ఆడవాళ్లు నడుములు పట్టుకుని కూలబడ్డారు.

"ఒక్క లడ్డూ దగ్గరా మీ పుట్టింటివాళ్ల పీనాసితనం?" అంది కోటమ్మగారు కోడలితో.

సుభాషిణి కళ్లలో నీళ్లు తిరిగాయి. మామయ్యను పక్కకు పిలిచింది.

"నాన్న సంఖ్యలోంచి ఎవరో ఒకటి తీశారు మామయ్యా. ఐదువేల ముప్పైతొమ్మిది ప్రధాన సంఖ్య. ఏ కుప్పలకీ లొంగదు."

"ఇంకొకటి తీసేస్తే?" ఆశగా అడిగాడు పరంధామయ్య.

"రెండు కుప్పలకో పదకొండు కుప్పలకో సరిపోతుంది. వీధులు ఏడు." ఆ మాటంటూ ఆమె మామయ్య మీసం వైపు చూసింది. అక్కడొక బూందీ పలుకు అంటుకుని ఉంది.

పరంధామయ్య మీసం తుడుచుకుని వసారాలోకి వెళ్లాడు. "మా బావ లెక్క తప్పలేదు వదినగారూ. తిన్నది నేను."

కోటమ్మగారు కాసేపు బిగబట్టుకుని, ఆగలేక నవ్వేసింది. మళ్లీ ఏడు కుప్పలే పోయించి, తగ్గిన కుప్పను తమ వీధికే ఉంచుకుంది, ఆ లోటు తమ ఇంటి వాటా అనుకోమంది. కోడలి కళ్లు తనే తుడిచింది. భోజనాల్లో మాత్రం పూర్ణాలు వడ్డిస్తూ పరంధామయ్య విస్తరి దాటిపోయింది.

"మీది దారిలోనే అయిందిగా బావగారూ."

ఎంత పెద్ద రాశిలో దాచినా తప్పు ఎక్కడో ఒకచోట బయటపడుతుంది, అది చిన్నదిగా ఉన్నప్పుడే ఒప్పుకోవాలి. ఇదీ నీతి. మీరూ ఇంకొకరికి చెప్పండి, సంఖ్యలో మాత్రం ఒకటి తగ్గించకండి.