లేనివాళ్ళ ఇంటికి ఫ్రీ లైటు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఇంటింటికీ లైటుండేది. నిజంరా బాబూ! సాయంత్రం కాగానే మిణుగురు పురుగులు డ్యూటీకి వచ్చేసేవి. గుమ్మానికి వేలాడి మిలమిలా వెలిగేవి. ఊరికే కాదులే. నెలకో దొప్పెడు తేనె కట్టాలి. అదే లైటు బిల్లు.

లైటు లేకపోతే ఏమవుద్ది, చీకట్లో పడుకోవచ్చుగా అంటారా? కుదరదు. అక్కడ చలమయ్య అని ఒక కొండచిలువ ఉండేవాడు. మహా మర్యాదస్తుడు. లైటు వెలిగే ఇంటి జోలికి పోడు. చీకటి కన్నం కనబడిందా, "ఓహో, టు-లెట్టు!" అనుకుని సామానుతో సహా దిగిపోతాడు. సామానంటే ఏముంది, తోకే. లోపల ఎవరన్నా మిగిలుంటే అది ఆ పూట టిఫిను.

ఆ అడవిలోనే సూరీడమ్మ అని ఒక ముళ్ళపంది ఉండేది. ఆవిడకి ఇద్దరు పిల్లలు, బుడంకాయ్, చిట్టిముల్లు. అందరికీ దుంపలు తవ్విపెట్టి, వాళ్ళిచ్చింది తెచ్చుకుని బతికేది. వానాకాలం కాలు బెణికింది. పని పోయింది. బిల్లు ఆగిపోయింది.

మిణుగురుల మేస్త్రి వచ్చి తల గోక్కున్నాడు. "అక్కా, ఏమనుకోకు. మాకూ పెళ్ళాం పిల్లలున్నారు. రేపట్నించి రాలేం."

సూరీడమ్మ చీకటి గుమ్మం వైపు చూసింది. చీకటి పడితే చలమయ్య వస్తాడు కదా!

సరిగ్గా ఆ మర్నాడు పొద్దున్నే ఏనుగు గున్నయ్య తాత దండోరా వేయించాడు.

"వినండహో! ఇక నించి లేనివాళ్ళ లైటు బిల్లు అడవే కట్టుద్ది!"

చిట్టిముల్లు గెంతింది. "అమ్మా, మనమే! మనమే లేనివాళ్ళం! తాత దగ్గరికెళ్ళి చెప్పేద్దాం పద."

"నోర్మూయ్!" అంది సూరీడమ్మ. "నలుగుర్లో నిలబడి మాకు లేదని చెప్తామా? మన ముళ్ళ వంశం పరువేం కాను? వాళ్ళే ఇంటికొచ్చి చూస్తారంట. చూసి ఇస్తే ఇస్తారు."

చూడ్డానికి ఎవర్ని పంపారో తెలుసా? వడ్రంగిపిట్టని. పేరు టకటకయ్య. తలుపు బాగా కొడతాడని ఉద్యోగం ఇచ్చారు. అంతకు మించి అర్హత ఏం లేదు.

"ఒరేయ్ టకటకయ్యా, లేనివాళ్ళెవరో చూసి లైట్లు పెట్టించి రా" అన్నాడు తాత.

"ఓస్ ఇంతేనా అండీ" అని ఎగిరిపోయాడు.

ముందు నక్క ఇంటికెళ్ళాడు. ఆ నక్కకి మూడు గుహలు, ఇంకో గుహ కట్టిస్తున్నాడు. ఆ టైముకి నక్క ఆ కొత్త గుహ పని చూడ్డానికి పోయాడు. టక టక టక! పలుకు లేదు. "ఎవరూ లేరు. పాపం, లేనివాళ్ళు!" అని టకటకయ్య కళ్ళు తుడుచుకుని ఫ్రీ లైట్లు పెట్టించేశాడు.

తర్వాత పాడుబడ్డ చీమల పుట్ట. చీమలు ఖాళీ చేసి ఏడాదైంది. టక టక టక! "అయ్యో, ఇక్కడైతే అసలెవరూ లేరు. వీళ్ళు మరీ లేనివాళ్ళు!" దానికి డబల్ లైట్లు. రాత్రికి ఆ పుట్ట పెళ్ళిపందిరిలా వెలగబోతోంది.

తర్వాత సూరీడమ్మ ఇల్లు. టక టక టక!

"ఉన్నాం బాబూ, ఉన్నాం!" అని కుంటుకుంటూ వచ్చింది.

"ఉన్నారా? అయితే ఉన్నవాళ్ళే. మీకు రాదు."

"అదేంటయ్యా, మేం లేనివాళ్ళం!"

"లేకపోతే మరి మాట్లాడేదెవరమ్మా?"

"నేనే!"

"అంటే ఉన్నావుగా?"

"ఉన్నాను గానీ లేదయ్యా!"

టకటకయ్యకి బుర్ర తిరిగింది. "సాయంత్రం మళ్ళీ వస్తా. ఈలోపు ఉన్నారో లేరో మీలో మీరు తేల్చుకోండి" అని ఎగిరిపోయాడు.

చిట్టిముల్లు మళ్ళీ అంది. "అమ్మా, తాతకి చెప్పేద్దామే. ఈయనకి తిక్క."

సూరీడమ్మ ఆలోచించింది. చెప్పాలంటే తాత కొలువులో అందరూ ఉంటారు. కుందేలు వదిన ఉంటుంది. నెమలి ఉంటుంది. నవ్వుతారు. వద్దులే, సులువైన దారుంది!

"పిల్లలూ, మనం కూడా లేనట్టు ఉందాం. గప్‌చుప్‌గా కూచుంటే ఫ్రీ లైటు."

సాయంత్రం టకటకయ్య వచ్చాడు. టక టక టక! "ఎవరన్నా ఉన్నారా?"

బుడంకాయ్ గాడు ఉత్సాహం ఆపుకోలేకపోయాడు. "ఎవరూ లేరండీ!" అని అరిచాడు.

"లేరని ఎవరు చెప్పారు?"

"మా అమ్మ!"

"ఉన్నవాళ్ళే, ఉన్నవాళ్ళే" అని పిట్ట విసుక్కుంటూ పోయాడు.

సూరీడమ్మ నెత్తి కొట్టుకుంది. కొట్టుకుంటే ముళ్ళు గుచ్చుకున్నాయి, అది వేరే బాధ. "మళ్ళీ వస్తాడేమో. ఈసారి ఒకళ్ళ నోరు ఒకళ్ళు మూయండి. ఏం జరిగినా కిక్కురుమనొద్దు!"

పొద్దు గుంకింది. మిణుగురులు రాలేదు. ఇల్లంతా కటిక చీకటి. ముగ్గురూ ఒక మూల నక్కారు.

గుమ్మం దగ్గర చప్పుడైంది. టకటక కాదు. స్స్స్... స్స్స్...

"ఎవరన్నా ఉన్నారా అండీస్స్స్?"

పిట్టకి పాపం జలుబు చేసినట్టుంది అనుకుంది సూరీడమ్మ. నోరు ఇంకా గట్టిగా మూసుకుంది.

"లేరన్నమాట. సంతోషం" అంది ఆ గొంతు. ఏదో మెల్లగా లోపలికి జరుగుతోంది. జరుగుతోంది. జరుగుతూనే ఉంది. పిట్ట ఇంత పొడుగుండదే!

చల్లగా, నున్నగా ఏదో చిట్టిముల్లు కాలికి తగిలింది. పాపం పిల్ల! అమ్మ చెప్పింది కదా అని అప్పుడు కూడా కిక్కురుమనలేదు. వణుకుతూ అలాగే కూచుంది. ఆ వణుకు సూరీడమ్మకి తెలిసింది.

అంతే. పరువూ లేదు, వంశమూ లేదు. అడవంతా అదిరిపోయేలా అరిచింది.

"ఉన్నాం! మేం ఉన్నాం! మాకేం లేదు! తేనె లేదు, దుంప లేదు, దీపం లేదు! సాయం చెయ్యండోయ్!"

అరుస్తూనే వెనక్కి తిరిగి ముళ్ళన్నీ నిక్కబొడిచి ఒక్కటిచ్చింది. సీదా మూతి మీద!

"అబ్బా! ఏం లేదన్నావు, ఇన్ని ముళ్ళున్నాయి కదమ్మా!" అని ఏడుస్తూ చలమయ్య వచ్చిన దారినే వెనక్కి పోయాడు. పొడుగు కదా, బయటపడ్డానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా సూరీడమ్మ వాయిస్తూనే ఉంది.

అప్పుడు ఒక వింత జరిగింది. పక్క కన్నంలోంచి చిన్న గొంతు, "మాకూ లేదు" అంది. అది కుందేలు వదిన! తుప్ప వెనక నించి ఇంకోటి, "మాకూ లేదండీ." చెట్టు మీద నించి నెమలి, "నాకు ఈకలు తప్ప ఏం లేవు!" సగం అడవి పరువు పోద్దని చీకట్లోనే కూచుంది మరి!

ఏనుగు తాత దబదబా వచ్చాడు. సంగతంతా విని టకటకయ్య చెవి మెలేద్దామనుకున్నాడు. పిట్టకి చెవి దొరకలేదు.

"ఒరేయ్, లేనివాళ్ళంటే ఇంట్లో లేనివాళ్ళు కాదురా! ఇంట్లో ఏమీ లేనివాళ్ళు!"

"ముందే చెప్పొచ్చు కదండీ! రోజంతా తల చెట్టుకేసి కొట్టుకునేవాణ్ణి, అందులో ఏం మిగులుద్దండీ?"

తాత అటు చూస్తే నక్క ఇల్లు ధగధగా వెలుగుతోంది. నక్కని పిలిపించాడు. "ఏరా, తెలిసే తీసుకున్నావు కదా ఫ్రీ లైటు? నీకేం లేదు?"

నక్క నీళ్ళు నమిలాడు. "అంటే... తాతగారూ... నాకు... ఏం లేదంటే..."

"సిగ్గు లేదు తాతా!" అన్నాడు బుడంకాయ్.

అడవంతా ఒకటే నవ్వు. నక్క దొప్ప నిండా తేనె తెచ్చి అక్కడే పెట్టేసి పోయాడు.

మిణుగురుల మేస్త్రి ఈల వేశాడు. లైట్లన్నీ నక్క గుమ్మం దగ్గర్నించి, ఖాళీ పుట్ట మీంచి లేచి బయల్దేరాయి. సూరీడమ్మ గుమ్మంలో కొన్ని, కుందేలు వదిన గుమ్మంలో కొన్ని వాలాయి. ఆ వెలుగులో చిట్టిముల్లు కాలు మీద చలమయ్య రాసుకుపోయిన గీత కనబడింది. అమ్మ దాన్ని నిమిరి, "ఇక మీదట నువ్వు చెప్పింది వింటానే" అంది.

నీతి: ఇంట్లో లేదని చెప్పుకోడం సిగ్గు కాదు, ఉండీ లేదని తీసుకోడం సిగ్గు. కష్టంలో నోరు మూసుకుని చీకట్లో కూచుంటే సాయం రాదు, కొండచిలువ వస్తుంది.